నేను ఒంటరిగా వాయించిన సాయంత్రం

చెల్లో మీద నాకు ఇద్దరు గురువులు, ఒక అక్క. గురువులు నేర్పినదాంట్లో చాలా భాగం వేళ్లలోంచి జారిపోయింది. అక్క నేర్పింది మాత్రం పోలేదు. పోతే బాగుండునని అనుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. చేసిన తప్పు నాది కాబట్టి రాయాల్సింది కూడా నేనే.

మాది నందిపేట్ దగ్గర ఒక పల్లె. వరి, పసుపు పండించే ఇల్లు. మా ఊరికి ఏటా వచ్చే హరికథ మేళంలో ఫిడేలు వాయించే ఆయన ఒక వానాకాలం జ్వరం తగిలి మా ఇంట్లోనే ఉండిపోయాడు. కోలుకునే రెండు నెలల్లో నాకు ఫిడేలు పట్టుకోవడం చూపించాడు. పోతూ పోతూ తన పాత ఫిడేలు ఒకటి వదిలిపోయాడు. దాంతో భజనల్లో వాయించేవాణ్ణి. మెట్రిక్ అయ్యాక కొన్నాళ్లు పొలం పనిలో ఉన్నాను. రాష్ట్రం పేరు మారిన మరుసటి ఏడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని దొరికింది. గానుగలోంచి వచ్చే చెరకు రసాన్ని గంటగంటకూ సీసాల్లో పట్టి, అందులో తీపి ఎంతుందో చూసి చెప్పడం నా పని. అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్లు.

ఫ్యాక్టరీకి ఆఫీసర్ల క్లబ్బు ఒకటి ఉండేది. శనివారం సాయంత్రాలు అక్కడ పాశ్చాత్య బ్యాండు వాయించేవారు. దాన్ని నడిపేది పవర్‌హౌస్ ఫోర్‌మన్, గోవా నుంచి వచ్చిన క్రైస్తవుడు. పియానో ఆయనది. శాక్సోఫోన్, డ్రమ్ములు వాయించే ఇద్దరు కూడా ఫ్యాక్టరీ మనుషులే. వాళ్లకు అడుగు స్వరం, అంటే బేస్, పట్టేవాళ్లు లేరు. నేను ఫిడేలు వాయిస్తానని ఎవరో చెబితే ఆయన ల్యాబ్‌కే వచ్చి నన్ను క్లబ్బు సామాను గదికి తీసుకుపోయాడు. విరిగిన కుర్చీల వెనక, నా భుజం దాకా వచ్చే ఒక పెద్ద ఫిడేలు గోడకు ఆనించి ఉంది. యుద్ధానికి ముందు పనిచేసిన తెల్ల ఇంజనీరు దాన్ని వదిలి వెళ్లాడట. నాలుగు తీగల్లో ఒక్కటే మిగిలింది. దాన్ని వేలితో మీటాను. ఆ శబ్దం చెవిలోకి రాలేదు, పొట్టలోకి వచ్చింది. దాని పేరు చెల్లో అని ఆయన అప్పుడు చెప్పాడు.

బొంబాయి నుంచి తీగలు తెప్పించి, కమానుకు వెంట్రుకలు మార్పించి, ఆయన నన్ను కూర్చోబెట్టాడు. మొదటి రెండు సీజన్లు నేను కమాను ముట్టింది తక్కువ. వేళ్లతో మీటుతూ పియానో కింద అడుగు పట్టడమే. చెరకు బండ్లు గేటు బయట మైలు పొడవున నిలబడి ఉండే రోజుల్లో, ఆ మొలాసిస్ మడ్డి వాసనలో, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని నేను జాజ్ వాయించాను. మా ఊళ్లో చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాకూ సగమే అర్థమయ్యేది. ఆయన తెలుగు, హిందీ కలిపి ఒకటే మాట చెప్పేవాడు: పాట మొదట ఉన్నదున్నట్టు వాయించు, రెండోసారి దాన్ని వదిలెయ్, కానీ ఎక్కడున్నావో మరిచిపోకు. వేసవిలో గానుగ ఆగాక క్లబ్బు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో నాకు పాశ్చాత్య స్వరలిపి చదవడం నేర్పాడు. పొడుగు కమాను లాగించాడు. ఒకే స్వరాన్ని చెక్కుచెదరకుండా పట్టమని గంటసేపు కూర్చోబెట్టేవాడు. అంత ఓపిక నా మీద మరెవరూ చూపలేదు.

గోవా మన దేశంలో కలిసిన కొద్ది నెలలకు ఆయన ఉద్యోగం వదిలేశాడు. బొంబాయిలో సినిమా రికార్డింగుల్లో వాయించే మేనమామలు ఉన్నారని, చెల్లో వాయించేవాళ్లు అక్కడ తక్కువని, నన్ను కూడా రమ్మన్నాడు. అప్పుడే నాకు ల్యాబ్‌లో పని పర్మినెంట్ అయింది. పెళ్లి కుదిరింది. మా నాన్న, బాపు, పసుపు అమ్మకానికి పోయినప్పుడల్లా నిజామాబాద్ మార్కెట్ గంజ్‌లో అందరికీ నా ఉద్యోగం గురించి చెప్పుకునేవాడు. నేను ఆలోచిస్తానన్నాను. ఆయన బొంబాయి నుంచి రెండు ఉత్తరాలు రాశాడు. రెండోదానికి జవాబు రాయడానికి కూర్చుని, ఏం రాయాలో తెలియక లేచిపోయాను. మూడో ఉత్తరం రాలేదు. బ్యాండు అక్కడితో ఆగిపోయింది. క్లబ్బు వాళ్లు చెల్లో నన్నే ఉంచుకోమన్నారు. దాని అవసరం ఇంకెవరికీ లేదు.

ఇంట్లో ఒక్కణ్ణే జాజ్ వాయించుకోవడం కుదరని పని. ఆ ఖాళీ భరించలేక నిజామాబాద్‌లో ఒక వయొలిన్ విద్వాంసుడి దగ్గరికి ఆదివారాలు పోవడం మొదలుపెట్టాను. బోధన్ నుంచి ఉదయం రైలు బండి ఎక్కి, చెల్లోను దుప్పట్లో చుట్టి పెట్టెలో ఒక మూల నిలబెట్టుకుని పోయేవాణ్ణి. ఎక్కినవాళ్లు ఎవరో రోగిని తీసుకుపోతున్నాననుకుని చోటిచ్చేవారు. విద్వాంసుడు మంచివాడే. కానీ కుర్చీ మీద కూర్చుని, మోకాళ్ల మధ్య వాద్యం పెట్టుకుని సరస్వతి పటం ముందు వాయించడం ఆయనకు కంటగింపుగా ఉండేది. అందుకని నేల మీద కూర్చుని, దాన్ని ఒడిలోకి ఏటవాలుగా వాల్చుకుని వాయించడం అలవాటు చేసుకున్నాను. వర్ణాలు, కొన్ని కీర్తనలు వచ్చాయి. రెండేళ్ల తర్వాత ఒక రోజు ఆయన, నీకు స్వరం ఉంది గాని ఈ మంద్రపు గొంతులో గమకం బురదలో నడిచినట్టుంది, వయొలిన్‌కు రా, అన్నాడు. నేను చెల్లో వదలనన్నాను. అయితే నేను చెప్పేది ఇంక ఏమీ లేదని ఆయన మర్యాదగానే చెప్పాడు. మెట్లు దిగుతుంటే లోపల ఇంకో శిష్యుడికి పాఠం మొదలైంది.

ఆ ఎండాకాలం బాపుకు నడుం పట్టేసి, పసుపు బండితో నేను గంజ్‌కు పోయాను. నిజామాబాద్ గంజ్‌లో ఆ రోజుల్లో రేకుల కింద వరసగా ఆడవాళ్లు కూర్చుని కొమ్ములు వేరు, గుండ్రటి మండ దుంపలు వేరు ఏరుతుండేవారు. గాలి నిండా పసుపే. మాట్లాడితే దగ్గు వచ్చేది. ఆ దుమ్ములో ఒకామె పాడుతోంది. పనిపాట కాదు. మాటలు ఉర్దూవి. గొంతు ఆడగొంతుల్లో నేను ఎన్నడూ విననంత కిందిది. ఒక చోట ఆగి, అదే స్వరం చుట్టూ తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చేది. చుట్టూ ఆడవాళ్లు పట్టించుకోకుండా ఏరుకుంటున్నారు. ఆమె గొంతు సరిగ్గా నా చెల్లో రెండో తీగ ఉన్న చోట ఉంది. బాపు సరుకు తూకానికి పోయిందో లేదో కూడా చూడకుండా అక్కడే నిలబడ్డాను.

యాభై ఏళ్లుంటాయి ఆమెకు. చేతులు మోచేతుల దాకా పసుపు. నేను పలకరిస్తే మొదట మాట్లాడలేదు. మళ్లీ వారం పోతే, ఎందుకు వచ్చినవ్ అని అడిగింది. పెద్ద ఫిడేలు ఒకటి ఉంది, అది మీ గొంతులా ఉంటుంది అన్నాను. ఆమె నవ్వలేదు. తీసుకురా చూస్తా అంది.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. తల్లి, అమ్మమ్మ పాడినవాళ్లే. జాగీర్దార్ల ఇళ్లల్లో పెళ్లిళ్లకు, పండుగలకు వాళ్లను పిలిచేవారు. ఆమె కూడా పదహారేళ్ల నుంచి మహఫిల్ పాటకచేరీల్లో పాడింది. పోలీసు చర్య తర్వాత జాగీర్లు పోయాయి, పిలిచే ఇళ్లు పోయాయి. సారంగి వాయించే మనిషి పర్భణీ వెళ్లిపోయాడు. ఆమె పెట్టెలో మంచి చీరలు ఒక్కటి తప్ప అన్నీ అమ్ముకునేదాకా చూసి, ఆ తర్వాత గంజ్‌కు వచ్చింది. గంజ్ వెనక సందులో ఒక గదిలో ఒక్కతే ఉండేది. పేరున్న కుటుంబాల వాళ్లు ఆ సందులోకి వచ్చేవారు కాదు. వచ్చినా పగలు వచ్చేవారు కాదు.

నేను పగలే వచ్చాను. ఆదివారం మధ్యాహ్నాలు, గంజ్‌కు సెలవు కాబట్టి. మొదటి రోజు ఆమె పాడుతుంటే హరికథలో ఫిడేలువాడిలా ఆమె వెంట వెంట వాయించాను. ఆమె పాట ఆపేసింది.

“నా యెన్క రాకు తమ్మీ,” అంది. “యెన్క వచ్చెటోల్లను మస్తు మందిని సూసిన. పక్కకు రా.”

ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. పక్కకు రావడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆమె ఒక స్వరం మీద నిలబడితే నేను వేరేది వెతకాలి, అది ఆమెదాన్ని తోసెయ్యకూడదు. ఆమె పైకి పోతే నేను కింద ఉండాలి, లేదా ఏమీ వాయించకుండా ఊరుకోవాలి. ఊరుకోవడమే అన్నిటికంటే కష్టం. గోవా ఫోర్‌మన్ చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. విద్వాంసుడు నేర్పిన గమకం కూడా పనికొచ్చింది, బురదలో నడిచినట్టు ఉన్నా సరే, ఆమె నడిచేది కూడా ఆ నేలమీదే. ఏ రాగమని ఆమె చెప్పేది కాదు. నాకు తెలిసిన పేరు నేను చెబితే, గట్లనా అనేది. ఒకే పాట రెండు ఆదివారాలు ఒకేలా పాడేది కాదు. ముందటి వారం బాగున్న చోటును మళ్లీ పట్టుకోవాలని నేను చూస్తే, కనిపెట్టి దారి మార్చేసేది. నాలుగేళ్లు ఇలా గడిచాయి. మమ్మల్ని విన్నది పక్క గది ముసలావిడ, వీధిలో మేకలు.

నా జీవితంలో సంగీతం అని చెప్పుకోదగింది ఆ నాలుగేళ్లదే. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. అసలుదానికి ఇది తయారీ అనుకున్నాను.

బోధన్‌లో మాటలు వచ్చాయి. ఆదివారం ఆదివారం ఎక్కడికి పోతాడు, ఏ సందులోకి పోతాడు అని. మా ఆవిడ ఏమీ అడగలేదు. ఒక ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, నేను కూడ వస్త, అంది. తీసుకుపోయాను. గదిలో మంచం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, మూడు గంటలు కదలకుండా విన్నది. అక్క ఆమెకు జొన్నరొట్టె, కారం పెట్టింది. ఇద్దరూ పసుపు ధర గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చే బండిలో జానకంపేట దాటాక మా ఆవిడ నోరు విప్పింది.

“గామె షానా మంచిది,” అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్లీ అంది, “గాడ కూసున్నప్పుడు నువ్వు యేరే మనిషివి. గా మనిషి మనింటికి ఎన్నడు రాలే.”

ఆమె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నాతో కలిసి నిజామాబాద్ రానూ లేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్నో మాటలు నడిచాయి గాని, పొయ్యి గురించి, పిల్లల జ్వరాల గురించి, అంతే. ఆ రోజు బండిలో నేను ఒక్క మాట అని ఉంటే వేరేగా ఉండేదేమో.

అరవై ఏడు చలికాలంలో అనుకుంటా, నిజామాబాద్‌లోని ఒక సంగీత సభ కార్యదర్శి మా ల్యాబ్ కెమిస్టు ఇంట్లో పూజకు వచ్చి నా వాద్యం విన్నాడు. పేరున్న వకీలు. మాటతీరు మెత్తన. ఏటా వారం రోజుల ఉత్సవాలు జరిపేవారు. ఈసారి కొత్త వాద్యం, కొత్త ప్రయోగం అని వేస్తాం, ఒక సాయంత్రం మీదే, అన్నాడు. నాకు ముప్పై దాటాయి. అలా పిలిచినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. మేం ఇద్దరం అని చెప్పాను. రెండో మనిషి ఎవరని అడిగాడు. చెప్పాను. గంజ్ వెనక సందు పేరు కూడా చెప్పాల్సి వచ్చింది.

ఆయన చాలాసేపు కండువా సర్దుకున్నాడు. “ఆమె పాటను నేనేమీ అనను,” అన్నాడు. “కాని సభకు ఆడవాళ్లు వస్తరు, ఇంటోళ్లు వస్తరు. ముందు వరసల ఎవరు కూసుంటరో మీకు తెల్వదు. మీరొక్కరే వాయించుండ్రి.”

అడిగి చెబుతాను అన్నాను. ఎవరిని అడుగుతానో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు నేను ఆ గదికి పోయాను. మూడుసార్లూ చెబుదామనుకునే పోయాను. ఆమె పాడేది, నేను పక్కన వాయించేవాణ్ణి, బండి వేళయ్యేది. ఒక్కసారి పేరు వస్తే చాలు, మరుసటి ఏడు ఆమె లేకపోతే రానని పట్టుబట్టొచ్చు, అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు. ఆ మూడో వారంలోనే ఒక్కణ్ణే వస్తానని కార్యదర్శికి కబురు పంపాను. నాలుగో ఆదివారం పనుందని పోలేదు. అయిదో ఆదివారం ముందటి గురువారం నా కచేరీ.

ఒక హైస్కూలు హాలు. మృదంగం అక్కర్లేదన్నాను. తబలా కూడా వద్దన్నాను. వేదిక మీద చిన్న తివాచీ, నేను, చెల్లో. మొదట విద్వాంసుడు నేర్పిన వర్ణం వాయించాను. మర్యాదకు చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత ఏం వాయించాలో అనుకోలేదు. కమాను రెండో తీగ మీద పెట్టాను. వచ్చింది ఆమె పాట. ఆమె పైకి పోయే చోట నేను పైకి పోయాను, ఆగే చోట ఆగాను. ఆ మలుపులన్నీ ఆమెవి. నేను పక్కన వాయించే భాగం వదిలేసి, ఆమె భాగమంతా నేనే తీసుకున్నాను. ముప్పావు గంట. అంత బాగా అంతకుముందు వాయించలేదు, ఆ తర్వాతా వాయించలేదు. ఆ సాయంత్రం గురించి నాకు మిగిలిన బాధల్లో ఇది పెద్దది. తడబడి ఉంటే కొంత నయంగా ఉండేది.

జనం లేచి నిలబడ్డారు. విద్వాంసుడు వేదిక దగ్గరికి వచ్చి నా భుజం తట్టాడు. ఈ బాణీ ఎవరిది అని అడిగాడు. నాదే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. వారం తర్వాత ఒక స్థానిక పత్రికలో, ఇది పూర్తిగా సొంత కల్పన అని నాలుగు వాక్యాలు రాశారు. బాపు ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు.

హాలు నుంచి బయటికి వచ్చినప్పుడు చూశాను. గేటు దగ్గర స్తంభానికి రెండు మైకు భోంగాలు కట్టి ఉన్నాయి. ఒకటి రోడ్డువైపు. రెండోది గంజ్‌వైపు. సీజన్ కాబట్టి గంజ్‌లో ఆ సాయంత్రం దీపాలు పెట్టుకుని కొమ్ములు ఏరుతున్నారు.

ఆదివారం పోయాను. ఆమె గడప దగ్గర కూర్చుని చాటలో పప్పు ఏరుతోంది. లోపలికి రమ్మంది. మంచినీళ్లు ఇచ్చింది. చెల్లో దుప్పటి విప్పబోతే, ఉండనియ్యి అంది.

“మంచిగ వాయించినవ్ తమ్మీ. భోంగల సాఫ్‌గ ఇనవడ్డది.”

నేను మొదలుపెట్టాను. సభవాళ్లు, ముందు వరస, మరుసటి ఏడు. ఆమె నన్ను చెప్పనిచ్చింది. చాటలో రాళ్లు తీసి పక్కన పెడుతూ విన్నది.

“లోపలికి నన్ను రానియ్యరని నాకు తెల్వదా?” అంది చివరికి. “నలపై ఏండ్ల సంది తెల్సు. నువ్వొక్క మాట చెప్తే, గేటు బయట నిలవడి ఇందును. మంచి చీర ఒకటున్నది, కట్టుకుని వస్తుంటి. నువ్వు చెప్పలే. నేను పసుపుల కూసోని ఇన్న. పక్కన ఏరేటోల్లు, గిది నువ్వు పాడేదే గదా అన్నరు. నేను కాదన్న.”

ఎందుకు కాదన్నావని అడగలేకపోయాను. నన్ను కాపాడడానికి అన్నదో, తనను తాను కాపాడుకోవడానికి అన్నదో ఈనాటికీ తెలియదు. కాళ్ల మీద పడితే బాగుండేది. దానికి బదులు, ఒక్క పాట పాడు అక్కా అన్నాను. దుమ్ముకు గొంతు పట్టేసింది, మళ్లెప్పుడన్న చూద్దాం అంది. మరుసటి ఆదివారం కూడా అదే చెప్పింది. ఆ పై ఆదివారం కూడా. నాలుగోసారి పోయేసరికి గదికి వేరే తాళం ఉంది. చెల్లెలి బిడ్డ నాందేడ్‌లో ఉందని, అక్కడికే పోయిందని పక్క గది ముసలావిడ చెప్పింది. నాకేమైనా చెప్పమందా అని అడిగాను. ఏమీ చెప్పలేదంది.

ఆ తర్వాత నాకు పిలుపులు వచ్చాయి. కామారెడ్డి, ఆర్మూరు, మళ్లీ నిజామాబాద్. హైదరాబాద్‌లో రేడియో పరీక్షకు కూడా పోయాను. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. కర్ణాటకమా, హిందుస్తానీయా, పాశ్చాత్యమా, ఏ పద్దు కింద వాయిస్తావని అడిగారు. ఏ పద్దు చెప్పినా కుదరదని అప్పటికే తెలుసు. ఉన్నది వాయించాను. ముగ్గురూ తలలూపి, బాగుంది గాని మా విభాగం కాదు అన్నట్టు ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఉత్తరం రాస్తామన్నారు. ఆ ఏడే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బస్సులు, కాలేజీలు అన్నీ బంద్ అయ్యాయి. నేను ఆ ఉత్తరం కోసం కొన్నాళ్లు చూసి మానేశాను.

నన్ను పడేసింది అది కాదు. కామారెడ్డిలో ఒక పెళ్లివారింట్లో వాయిస్తూ ఉండగా, మధ్యలో నాకు తెలిసిపోయింది: నేను ఆ గురువారం సాయంత్రం వాయించిందే వాయిస్తున్నాను. అవే మలుపులు, అవే ఆగే చోట్లు, ఒక్క స్వరం తేడా లేదు. అప్పటికప్పుడు కల్పిస్తున్నానని జనం అనుకుంటున్నారు. ఇంటికి వచ్చి దారి మార్చి చూశాను. కమాను మళ్లీ అక్కడికే పోయింది. మార్చడానికి పక్కన ఇంకో గొంతు ఉండాలి. అది లేదు. ఒక్కడికి పక్కకు రావడం ఉండదు. ఆ తర్వాత రెండేళ్లు నాటక సమాజాల్లో, క్రిస్మస్‌కు చర్చిలో, ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో రాసిచ్చినవి వాయించాను. అడుగు స్వరం పట్టమంటే పట్టాను. ఎవరూ నన్ను తక్కువగా చూడలేదు. మెల్లగా పిలవడం మానేశారు, నేనూ పోవడం మానేశాను.

తర్వాత వరసగా రెండేళ్లు వానలు లేక చెరకు ఎండిపోయింది. గానుగ మామూలు కంటే చాలా ముందే ఆగిపోయేది. ఎండకు చెల్లో పొట్ట మీద చెక్క నిలువునా పగిలింది. వడ్రంగి జిగురు పెట్టాడు గాని శబ్దం పోయింది. అలా పని లేని ఒక వేసవిలో నేను నాందేడ్ బండి ఎక్కాను. క్షమాపణ చెప్పాలనే పోయాను. వాద్యం తీసుకుపోలేదు.

బాసర దగ్గర గోదావరిలో ఇసుకే కనిపించింది. నాందేడ్‌లో ఇల్లు పట్టుకోవడానికి సగం రోజు పట్టింది. చెల్లెలి బిడ్డ తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి, అక్క పోయి ఎనిమిది నెలలైందని చెప్పింది. దగ్గుతో మొదలై, మంచాన పడి, వానాకాలం పోకముందే పోయిందట. అంతదాకా ఇంటి పని చేసిందట. పిల్లలను బాగా చూసుకునేదట. మీరెవరని అడిగింది. నిజామాబాద్‌లో ఆమె పాడుతుంటే పక్కన వాయించేవాణ్ణి అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “పెద్దమ్మ పాడ్తుండెనా?” అంది. “మా ఇంట్ల అయిదేండ్లున్నది. ఒక్కనాడు పాడంగ ఇనలే.”

పాడేది అన్నాను. ఎట్ల పాడేది అని అడిగింది. ఊరికే అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. పిల్లల్ని కూడా పిలిచి నా ముందు కూర్చోబెట్టింది. నాకు గొంతు లేదు. రెండు మాటలు పలకబోయాను. ఉర్దూ మాటలు వరసగా గుర్తుకు రాలేదు, అక్క ఆగే చోటు మాత్రం గుర్తుంది. దానికంటే ముందూ వెనకా లేకుండా ఆ ఒక్క చోటు ఎలా చూపించాలి? పిల్లలు కాసేపు చూసి బయటికి పోయారు. ఆమె చాయ్ పెడతానని లేచింది.

తాగి, పోయొస్తానని చెప్పి వచ్చేశాను. తిరుగు బండి నవీపేట్‌లో చాలాసేపు ఆగింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. నేను దిగి ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి, మళ్లీ వచ్చి నా చోట కూర్చున్నాను.